మాస్టారు వేళ్ళకు కట్టుకున్న రుమాలు

ఈ ఉదయం పని మధ్యలో హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టాను గాని, చేయి మాత్రం ఆగలేదు. చెవుల్లో మోగుతున్న సన్నాయి పోయి ఒట్టి ప్లాస్టిక్ చప్పుడు మిగిలింది. టకటకా టకటకా, ఎవరో అరుగు మీద కూర్చుని చింతగింజలు ఆడుతున్నట్టు. పక్కింటి డాబా మీద ఎండబోసిన మిరపకాయల ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతులో కూర్చుంది. దగ్గుతూ, నవ్వుతూ కాసేపు ఆ చప్పుడే విన్నాను. ఇలా కీబోర్డు మెట్లు మూగగా మోగినప్పుడల్లా నాకు మస్తాన్ మాస్టారు గుర్తొస్తారు. ఈ మూగదాన్ని చూసి ఆయన గుంటూరు కొట్లో పెట్టిన కేకలు గుర్తొస్తాయి.

నా బల్ల మీదున్న దీన్ని మిడి కంట్రోలర్ అంటారు. చూడటానికి చిన్న కీబోర్డులా ఉంటుంది గాని దీనికి సొంత గొంతు లేదు. ఏ మెట్టు నొక్కాం, ఎంత బలంగా నొక్కాం, ఎప్పుడు వదిలాం అన్నది మాత్రం తీగ ద్వారా కంప్యూటరుకు చెబుతుంది. పలికేది కంప్యూటరు. సన్నాయి అనుకుంటే సన్నాయి, వేణువు అనుకుంటే వేణువు. చిలకలూరిపేటలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని జానపదాలు పాడేవాళ్ళకు, చర్చి పాటలవాళ్ళకు, బడి వార్షికోత్సవాల్లో పిల్లల డాన్సులకు నేను దీంతోనే సంగీతం కట్టి ఇస్తున్నాను. ఇది నా బతుకుతెరువు. దీన్ని ఎంచి నా చేతిలో పెట్టిన మనిషి గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను.

మీరు ఆయన్ని చూసి ఉండరు. పల్నాడులోనూ, ఇటు ప్రకాశం జిల్లాలోనూ పెళ్ళిళ్ళకూ ఉరుసులకూ తిరునాళ్ళకూ ఏళ్ళ తరబడి ఆర్కెస్ట్రా నడిపిన మనిషి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నల్లగా నిగనిగలాడే రంగేసిన జుట్టు, మనిషికన్నా ముందే గదిలోకి వచ్చే అత్తరు వాసన. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన్ని కొట్టేవాడు లేడు. తాను కీబోర్డు మీద సన్నాయి బిట్టు వాయిస్తుంటే వింటూ కూర్చుని పెళ్ళికొడుకు తాళి కట్టడం మర్చిపోయాడని ఒక కథ చెప్పేవారు. సత్తెనపల్లిలో చెప్పినప్పుడు అది కనిగిరిలో జరిగేది, కనిగిరిలో చెప్పినప్పుడు సత్తెనపల్లిలో జరిగేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవారు గాని కథ మాత్రం మానేవారు కాదు.

మా నాన్న పత్తి, మిరప వేసే రైతు. ఊళ్ళో రామాలయం భజనలో హార్మోనియం వాయించడం తప్ప నాకు వేరే సంగీతం తెలియదు. ఒక పెళ్ళికి మా ఊరొచ్చిన మాస్టారు, తన కీబోర్డు కుర్రాడికి జ్వరం వస్తే ఎవరో చెప్పగా మా ఇంటికొచ్చి, అప్పటికప్పుడు నన్ను స్టేజీ ఎక్కించారు. మర్నాడు మళ్ళీ వచ్చి నన్ను జట్టులో చేర్చుకుంటానని అడిగారు. ఆడపిల్ల ఊళ్ళెంట తిరగడమేంటని నాన్న తటపటాయించాడు.

"మీ అనుమానం నాకు తెలుసండీ. ఎక్కడ ప్రోగ్రామున్నా మా ఇంటావిడ కూడా వస్తది. మీ అమ్మాయి పక్కనే కూర్చుంటది. ఆమె రాలేని రోజు మీ అమ్మాయీ రాదు, సరేనా?" అన్నారు.

ఆ మాట ఎన్నడూ తప్పలేదు. ఆయన భార్య ఖాసింబీ పిన్ని టిఫిను క్యారియరు పట్టుకుని వ్యానులో నా పక్కన కూర్చునేది. స్టేజీ మీద కీబోర్డు స్టాండు వెనక చిన్న స్టూలు వేయించుకుని, అంత మోతలోనూ హాయిగా కునుకు తీసేది. పాటలంటే ఆమెకు పెద్ద ఇష్టం లేదు. నేనంటే ఇష్టం.

మాస్టారు పాఠాలు చెప్పలేదు. తిట్టారు. మైకులో జనానికి నవ్వు మొహం చూపిస్తూనే, మైకు పక్కకు తిప్పి, పెదాలు కదపకుండా తిట్టడం ఆయనకే చేతనైన విద్య. "ఏందమ్మా అది, సన్నాయా, సైకిలు హారనా?" అనేవారు. కొత్తలో నేను ప్రతి ప్రోగ్రాము అయ్యాక ఏడ్చేదాన్ని. తర్వాత ఆ జట్టులో ఒక సంగతి కనిపెట్టాను. ఆయన తిట్టేవాళ్ళంతా ఏళ్ళ తరబడి ఉన్నారు. ఒక గాయకుడు ఉండేవాడు, శ్రుతికీ అతనికీ చుక్కెదురు. కొన్నాళ్ళు అతన్ని తిట్టి తిట్టి, ఒకరోజు మాస్టారు భుజం తట్టి "బాగుందయ్యా, బాగా పాడావు" అన్నారు. డ్రమ్సు వాయించే అతను నా వంక చూసి పెదవి విరిచాడు. ఆ తర్వాతి పెళ్ళిళ్ళ సీజనులో ఆ గాయకుడు మా వ్యానులో లేడు. ఆయన నోట "బాగుంది" అనే మాట వచ్చిందంటే, ఇక ఆ మనిషి మీద ఆశ వదులుకున్నారని అర్థం. అప్పటినుంచి తిట్లు పడిన రోజు నాకు ప్రాణం కుదుటపడేది.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న పని గమకం. కీబోర్డు మెట్టు నొక్కితే ఒక స్వరమే పలుకుతుంది, స్వరానికీ స్వరానికీ మధ్య జారదు, ఊగదు. కీబోర్డుకు ఎడమ పక్కన శ్రుతిని పైకీ కిందికీ వంచే చక్రం ఒకటి ఉంటుంది. కుడి చేత్తో మెట్లు నొక్కుతూ ఎడమ చేత్తో ఆ చక్రాన్ని వెంట్రుకవాసి కదిలిస్తే, అప్పుడు సన్నాయి సన్నాయిలా ఉంటుంది. "కుడి చెయ్యి మాట్లాడతది, ఎడం చెయ్యి ఏడిపిస్తది. నీ ఎడం చెయ్యి అత్తగారింటికొచ్చినట్టు ఊరికే కూర్చుందేందమ్మా?" అని వెంటపడి వెంటపడి, నా ఎడమ చేతిని దారికి తెచ్చారు. మా సన్నాయి బిట్టు మొదలైతే పందిట్లో వంటవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు. ఇది నేను చెబుతున్నది, మాస్టారు కాదు, కాబట్టి మీరు నమ్మవచ్చు.

ఒక వానాకాలం సాయంత్రం హైవే పక్కన పత్తి లారీలు వరసగా ఆగి ఉన్నచోట నా స్కూటీ జారింది. కుడి మోచెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది గాని లోపల నరం దెబ్బతింది. చిటికెన వేలూ ఉంగరపు వేలూ లోపలికి ముడుచుకుని ఉండిపోయాయి. వాటిని చాపమంటే చాచవు. మిగిలిన వేళ్ళకు పట్టు తగ్గింది. మజ్జిగ గ్లాసు ఎత్తడానికి రెండు చేతులు కావాల్సి వచ్చింది. డాక్టరు మెల్లగా కొంత నయమవుతుంది, పూర్తిగా రాదు అన్నాడు. ఇంట్లోవాళ్ళు దేవుడు ప్రాణం నిలబెట్టాడు, అదే పదివేలన్నారు. నిజమే. కానీ మంచం మీద పడుకుని ఎడమ చేత్తో దుప్పటి మీద వాయించుకుంటూ నేను ఆలోచించింది ఒక్కటే, ఇక నేను వాయించే మనిషినా కాదా అని.

కట్టు విప్పాక మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన కీబోర్డు ముందు కూర్చుని, కదిలే మూడు వేళ్ళతో, ఎన్నిసార్లు వాయించానో లెక్కలేని పెళ్ళి సన్నాయి వాయించాను. అది ఎలా ఉందో నాకు తెలుసు. కుంటుకుంటూ, మెట్లు తప్పుతూ నడిచింది. అయిపోయాక తలెత్తి చూశాను. మాస్టారు జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"బాగుందమ్మా," అన్నారు. "బాగుంది."

ఖాసింబీ పిన్ని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. టీ తాగి, మామూలుగా మాట్లాడి, ఆటో ఎక్కి ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. డాక్టరు చెప్పినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

ఆ తర్వాత ఆయన వారం వారం బత్తాయిలు పట్టుకుని వచ్చేవారు. తిట్టని మాస్టారితో ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. ఆయనకూ తెలిసేది కాదు. ఇద్దరం బత్తాయిలు వలుచుకుంటూ కూర్చునేవాళ్ళం. అలాంటి ఒకరోజు మాట కోసం నేనే అన్నాను, ఇంట్లోనే కంప్యూటర్లో సంగీతం చేసేవాళ్ళున్నారని, ఒక్కో ముక్కా నెమ్మదిగా వాయించి అతికించవచ్చని, దానికి కంట్రోలర్ అని ఒకటి కావాలని ఫోనులో వీడియోలు చూశానని. ఆయన చేతిలోని బత్తాయి పక్కన పెట్టేశారు.

"అట్టాంటిదుంటే ఇన్నాళ్ళూ చెప్పవేందమ్మా? గుంటూరు పోదాం. కొనేది మాత్రం నేను చూస్తా. కీబోర్డు సంగతి నాకన్నా ఎవడికి తెలుసు?"

పదిరోజుల తర్వాత గాని ఆయనకు తీరిక దొరకలేదు. అప్పుడేమో ఎందుకంత ఆలస్యమా అనుకున్నాను.

గుంటూరులో ఆ వాయిద్యాల కొట్టు మేడ మీద ఉండేది. కంట్రోలర్లు గోడవార వరసగా పెట్టి ఉన్నాయి. మాస్టారు నేరుగా అన్నిటికన్నా పొడవైనదాని దగ్గరికి వెళ్ళి, చొక్కా చేతులు పైకి మడిచి, దర్జాగా ఒక సంగతి వాయించారు. టకటకా టకటకా. సన్నాయి లేదు, ఏమీ లేదు. మళ్ళీ నొక్కారు. వంగి కింద చూశారు, వెనక చూశారు, చెవి ఆనించి చూశారు.

"ఏందయ్యా ఇది? చచ్చిపోయినదాన్ని పెట్టావేంది అమ్మకానికి?"

కొట్టతను నవ్వు ఆపుకుంటూ వచ్చాడు. "దానికి సౌండు ఉండదండీ. సౌండంతా కంప్యూటర్లో ఉంటుంది."

"సౌండు లేని కీబోర్డా? ఇంజను లేని లారీ అమ్ముతన్నావా నువ్వు? పదమ్మా పోదాం."

అతను ఓపికగా తీగ తగిలించి, మాస్టారి రంగు జుట్టు చెదరకుండా హెడ్‌ఫోను పెట్టి, ఇప్పుడు వాయించమన్నాడు. మాస్టారు ఒక మెట్టు నొక్కారు. కళ్ళు పెద్దవయ్యాయి. "పద్మమ్మా! నిజం సన్నాయే!" అని కొట్టంతా దద్దరిల్లేలా అరిచారు. చెవులు మూసి ఉన్నాయి కదా, తానెంత గట్టిగా అరుస్తున్నారో ఆయనకు తెలియలేదు. గిటార్లు చూసుకుంటున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. నెలల తర్వాత నేను మనసారా నవ్వింది అప్పుడే.

ఆయన అందులో పొడవైనదే కొందామన్నారు. స్టేజీ మీద ఆయన పద్ధతి అది. వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా కీబోర్డు కనపడాలి, కనపడకపోతే ఆర్కెస్ట్రా పెద్దదని జనం ఒప్పుకోరు. "మా వెనక గదిలో వెనక వరస ఎక్కడుంది మాస్టారూ?" అన్నాను. అదీ నిజమేనని తల గోక్కున్నారు. అప్పుడు జేబులోంచి తెల్ల రుమాలు తీశారు. మొహం తుడుచుకుంటారనుకున్నాను. కుడి చేతి చిటికెన వేలినీ ఉంగరపు వేలినీ లోపలికి మడిచి, ఒక కొస పళ్ళతో పట్టుకుని, రుమాలు చుట్టూ తిప్పి గట్టిగా ముడేసుకున్నారు. సరిగ్గా నా చెయ్యిలాగే ఉంది.

నాకు ఒళ్ళు మండింది. అందరూ చూస్తున్నారు. నా చేతిని నేను చున్నీ కింద దాచుకుని వచ్చానక్కడికి. "విప్పండి మాస్టారూ, ఏంటిది?" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆయన నా వంక కూడా చూడలేదు. "నా చేత్తో చూసి కొంటే అది నాకు కొన్నట్టమ్మా. నీకు కొనాలి గదా," అన్నారు.

ఆ ముడి వేసుకున్న చేత్తో గోడవార ఉన్న ప్రతి కంట్రోలరూ వాయించారు. కొన్నింటికి మెట్లు మరీ బరువు, మూడు వేళ్ళకు లొంగవు. కొన్నింటికి మరీ సన్నం, పక్కమెట్టు కూడా పడుతుంది. ఒకదానికి చక్రం బదులు వేలితో రాసే పట్టీ ఉంది. దాన్ని రుద్ది చూసి, చెమట పడితే జారిపోద్దని పక్కన పెట్టారు. చివరికి ఒకదాని ముందు నిలబడి చేతులు మార్చారు. మెట్ల మీదికి ఎడమ చెయ్యి వచ్చింది, కట్టిన కుడి చెయ్యి చక్రం కోసం వెతికింది. చక్రం అన్నిటికీ ఎడమ పక్కనే ఉంది. కుడి చెయ్యి ఎడమ చేతి మీదుగా దాటి వెళ్ళాలి, రెండూ అడ్డం పడుతున్నాయి.

"చక్రం పైనుండేది లేదా?" అని అడిగారు.

"అందరూ పెద్దదే తీసుకుంటారండీ. పైన చక్రాలుండేది చిన్నది, ప్రయాణాల్లో వాడేవాళ్ళకి," అని కొట్టతను అద్దాల బీరువాలోంచి తీశాడు. ఒక్కో మెట్టూ మామూలు కొలతలోనే ఉన్నా మెట్ల సంఖ్య తక్కువ, ఒళ్ళో పట్టేంత ఉంది. శ్రుతి చక్రం పక్కన గాక మెట్లకు పైన ఉంది. మాస్టారు ఎడమ చేత్తో నాలుగు స్వరాలు నొక్కి, కట్టిన కుడి చేతి అరచేతి అంచుతో చక్రాన్ని కదిలించారు. ఆయన మొహం చూస్తే చాలు, హెడ్‌ఫోను నాకక్కర్లేదు. మూడు నాలుగు సార్లు అదే చేసి, హెడ్‌ఫోను తీసి నాకు పెట్టారు.

"వేళ్ళెందుకమ్మా దీనికి? అరచెయ్యి చాలు. నీ ఎడం చెయ్యి మాట్లాడటం నేర్చుకోవాల, అంతే."

బస్సులో వస్తున్నంతసేపూ అట్టపెట్టె ఆయన ఒళ్ళోనే పెట్టుకున్నారు. పెద్దది కొనలేదే అన్న బెంగ మాత్రం పోలేదు, యడ్లపాడు దాటేదాకా దాని గురించే మాట్లాడారు.

ఆ వారంలోనే పండుమిరప పచ్చడి ఇవ్వడానికి ఖాసింబీ పిన్ని వచ్చింది. ఆ పెట్టెను చూసి, "కొన్నారా తల్లీ? హమ్మయ్య," అంది. "ఆ పదిరోజులూ మా ఇంట్లో ఏం గోలనుకున్నావు? వేళ్ళకి రుమాలు కట్టుకుని తెల్లారుతూనే కూర్చునేవాడు. ఎడం చేత్తో వాయిస్తంటే పక్కింటోళ్ళొచ్చి ఎవరు నేర్చుకుంటన్నారని అడిగారు. అన్నం కూడా ఆ కట్టుతోనే తిన్నాడమ్మా, చొక్కా నిండా పులుసే. ఉతకలేక చచ్చాను. విప్పు అంటే, ఆ పిల్లకి విప్పితే పోతదా, నాకెందుకు పోవాల అంటాడు."

తెల్ల చొక్కా మీద మడత నలిగితే స్టేజీ ఎక్కని మనిషి ఆయన. పిన్ని వెళ్ళాక పచ్చడి జాడీ పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయాను. ఆయనంటే నాకున్న ప్రేమ అంతా ఒక్కసారిగా తెలిసొచ్చిన రోజు అదే.

అయితే కంట్రోలర్ వచ్చినంత మాత్రాన పాట వస్తుందా? ఎడమ చేతికి గమకం తెలుసు గాని స్వరాలు తెలియవు. కుడి చేతికి స్వరాలు తెలుసు గాని కదలదు. రెండు చేతులూ వాళ్ళ వాళ్ళ పనులు మార్చుకోవాలి. చెప్పినంత తేలిక కాదు. సరళీ స్వరాల దగ్గర మొదలుపెట్టాను. చక్రానికి లోపల స్ప్రింగు ఉంటుంది, అరచెయ్యి ఎత్తితే టక్కున మధ్యకు వచ్చేస్తుంది, స్వరం దబ్బున కింద పడుతుంది. మిరప కోతలు వచ్చి వెళ్ళాయి, పత్తి మళ్ళీ వేశారు, నేను ఆ వెనక గదిలోనే ఉన్నాను. మాస్టారు వచ్చినప్పుడల్లా వాయించి వినిపించేదాన్ని. విని, "బాగుందమ్మా" అని బత్తాయిలు అక్కడ పెట్టి వెళ్ళేవారు. ఆయన బండి చప్పుడు సందు దాటేదాకా ఆగి, అప్పుడు కంప్యూటరు కట్టేసేదాన్ని. అన్నం తినాలనిపించేది కాదు. మానేద్దామని అనుకున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి. వేళ్ళకు రుమాలు కట్టుకుని పులుసన్నం తిన్న మనిషి గుర్తొచ్చి మర్నాడు పొద్దున మళ్ళీ కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం మాస్టారూ పిన్నీ ఇద్దరూ వచ్చారు. ఆనందభైరవిలో పెళ్ళి సన్నాయి వాయిస్తానన్నాను. హెడ్‌ఫోను గాక స్పీకర్లు పెట్టాను, పిన్ని కూడా వినాలని. ఎడమ చెయ్యి మెట్ల మీద, కుడి అరచెయ్యి చక్రం మీద. మొదలుపెట్టాక వాళ్ళ వంక చూడలేదు. తొలి సంగతి నిలిచింది. రెండోది జారుతూ వెళ్ళి నేననుకున్నచోటే ఆగింది. నాకే ఆశ్చర్యమైంది. పైకి వెళ్ళాను, పైషడ్జం మీద నిలబడ్డాను, దిగుతున్నాను.

"ఆపు! ఆపు!"

ఉలిక్కిపడి చేతులు తీసేశాను. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మొహం ఎర్రగా ఉంది.

"ఏందమ్మా ఆ దిగడం? అంత పైకెక్కి, అంత చక్కగా నిలబడి, దిగేటప్పుడు తొందరేంది నీకు? బస్సేమన్నా వెళ్ళిపోతందా? చక్రాన్ని అట్టా వదిలేస్తే బావిలో బొక్కెన పడ్డట్టు పడదా స్వరం? నీకు ఎన్నిసార్లు చెప్పాల? ఇదేనా నేను నేర్పింది? మళ్ళీ వాయించు!"

నేను వాయించలేకపోయాను. కళ్ళు కనబడలేదు. ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. పిన్ని కంగారుగా వచ్చి నన్ను పొదువుకుని, "ఏడిపించావుగా పిల్లని, అంత గట్టిగా అరవాలా?" అని ఆయన మీద లేచింది. ఆమె అన్నేళ్ళూ పాటలు వినకుండా మా పక్కన కునుకు తీసిన మనిషి, ఆమెకేం తెలుసు? మాస్టారికి మాత్రం తెలుసు. గోడవైపు తిరిగి నిలబడి, తల ఇటు తిప్పకుండానే, "ఇంకా వాయించవేందమ్మా?" అన్నారు.

మళ్ళీ వాయించాను. మళ్ళీ తిట్టారు. చీకటి పడేదాకా తిడుతూనే ఉన్నారు. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన మధ్యాహ్నం ఇంకొకటి లేదు.

ఆ తర్వాత చాలాకాలం, నేను కట్టిన ప్రతి పాటా ఆయనే మొదట విన్నారు. మంచాన పడ్డాక కూడా, ఫోను చెవి దగ్గర పెడితే విని, వేలు ఎత్తి తప్పు ఎక్కడో చూపించేవారు. ఆయన పోయాక నా పాటలకు తిట్టేవాళ్ళు లేకుండా పోయారు. నా చేతి సంగతి తెలిసినవాళ్ళు మరీ మెచ్చుకుంటారు. పాట పంపగానే జవాబు వస్తుంది, బాగుందమ్మా, చాలా బాగుందమ్మా అని. వాళ్ళు మంచివాళ్ళు, మనస్ఫూర్తిగానే అంటారు. నేను వాళ్ళకు దండం పెట్టి, ఫోను పక్కన పడేసి, తలుపు దగ్గరగా వేసి, ఆ పాటను మొదటినుంచి మళ్ళీ వాయిస్తాను.